సూరత్ విడిది – ఒక సంతకం బరువు

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి కొద్ది కిలోమీటర్ల ఎగువన ఉన్న సూరత్ నగరం మన సంస్థ ఉద్యోగులకు కొత్తది కాదు. సముద్రపుటంచున ఉన్న హజీరా పారిశ్రామిక వాడకు పనిమీద వెళ్ళివచ్చినవారు మనలో చాలామందే ఉన్నారు. వారికి సూరత్ అంటే పైపులైన్లు, జెట్టీలు, గ్యాసు శుద్ధి కేంద్రాలు. వారి ఇంట్లోవారికి మాత్రం సూరత్ అంటే రింగురోడ్డు మీది చీరల మార్కెట్లు. సూరత్ వారిని అడిగితే ఈ రెండూ కాదంటారు. ‘సూరత్‌లో భోజనం, కాశీలో మరణం’ అని గుజరాతీలో ఒక నానుడి ఉంది. శీతకాలంలో లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, పచ్చగా మెరిసే ఆ గింజలను సన్నని కారప్పూసతో కలిపి పెట్టే ‘పోంక్’ రుచి చూసినవారు ఈ నానుడిలోని మొదటి సగాన్ని నిస్సంకోచంగా ఒప్పుకుంటారు.

సూరత్‌లో తెలుగు వినిపించడం మన వాళ్ళకు మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో నడుస్తుంటే మరమగ్గాల చప్పుడు మధ్య కరీంనగర్, వరంగల్, నల్లగొండ మాటలు చెవిని పడతాయి. తరాలుగా అక్కడికి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలవి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. అహ్మదాబాదు నుండి సూరత్ మీదుగా వరంగల్, విజయవాడ దాటి చెన్నై చేరే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలకు పుట్టింటి బండి వంటిది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయం నగరాన్ని కుదిపివేసిన తరువాత, 1995 నుండి కమిషనరుగా పనిచేసి ఆ ఊరిని దేశంలోని పరిశుభ్ర నగరాల వరుసలో నిలిపిన ఎస్.ఆర్.రావు గారు కూడా తెలుగువారే కావడం మనకు మరొక సంతోషం.

నగరం నడిబొడ్డున ‘మొగల్ సరాయి’ అనే పాత కట్టడం ఉంది. షాజహాన్ కాలంలో, 1644లో, యాత్రికుల విడిది కోసం దానిని కట్టించారు. హజ్ యాత్రకు ఓడ ఎక్కవలసినవారు గుంపులు గుంపులుగా వచ్చి, గాలి అనుకూలించేవరకు అక్కడ బస చేసేవారు. 19వ శతాబ్దం నుండి అది పురపాలక కార్యాలయంగా ఉపయోగపడుతూ వచ్చింది. ఆ గదుల వరుసలను, నడిమి ఆవరణను చూసినప్పుడు నాకు ఒక ఆలోచన కలిగింది. అంతమంది ఒకచోట దిగినప్పుడు నిప్పు అంటుకున్నా, గోడ కూలినా ఎవరు ఎవరికి జవాబుదారీ అనే ప్రశ్న ఆనాడూ వచ్చే ఉంటుంది గదా! ఓడల విషయంలో మాత్రం సూరత్ వర్తకులు దానికి సమాధానం కనిపెట్టారు. 17వ శతాబ్దంలోనే అక్కడి సరాఫులు మోఖా, బస్రా వంటి రేవులకు పోయే సరుకులకు, భూమార్గాన పోయే సరుకులకు కూడా బీమా చేసేవారు. దారిలోని ప్రమాదాన్ని బట్టి రుసుము పెరిగేది, తగ్గేది. సరుకుకు బీమా చేయగలిగిన ఊరిలో, ఇప్పుడు అరవై నలుగురు మనుషులు మూడు రోజులు బస చేయడానికి బీమా వెతకబోయిన వైనమే ఈ వ్యాసం.

సూరత్ చుట్టుపట్ల ఇటీవలి కాలంలో ‘ఫారంహౌస్’ల అద్దె వ్యాపారం బాగా పెరిగింది. వారాంతంలో వజ్రాల పనివారు, బట్టల వ్యాపారులు కుటుంబాలతో డుమస్ తీరానికో, కామ్రేజ్, బార్డోలీ దారులలోని తోటలకో తరలిపోతారు. పది పన్నెండు గదులు, ఒక పెద్ద హాలు, వంటశాల, చిన్న ఈతకొలను, డాబా మీద విశాలమైన ఆవరణ ఉండటం ఆనవాయితీ. హోటలులో అరవై మందికి పెట్టవలసిన ఖర్చుతో పోలిస్తే ఇది మూడవ వంతు కూడా కాదు. కలిసి వండుకోవచ్చు, కలిసి పడుకోవచ్చు, రాత్రి పన్నెండింటి వరకు అంత్యాక్షరి పాడుకోవచ్చు. ఇంకేమైనా కలిసి పుచ్చుకోవచ్చునా అని అడిగే మిత్రులకు గుజరాత్‌లో మద్యనిషేధం అమలులో ఉన్నదని మనవి. చట్టవిరుద్ధమైన పని జరుగుతుండగా సంభవించిన ప్రమాదానికి బీమా సంస్థ చేయి అడ్డం పెడుతుందన్నది దానికి అనుబంధం.

2023 సంక్రాంతికి మా కాలనీలోని పదిహేను తెలుగు కుటుంబాలు, వారి ఊళ్ళ నుండి వచ్చిన పెద్దలు, సూరత్‌లోనే ఉండే బంధువులు కలిపి మొత్తం 64 మందిమి జనవరి 13 సాయంత్రం నుండి 16 ఉదయం వరకు ఒక తోటయింట గడపాలని నిర్ణయమైంది. ఆ సంవత్సరం మన భోగి 14వ తేదీన వచ్చింది. గుజరాతీల ఉత్తరాయణం, అంటే గాలిపటాల పండుగ, అదే రోజు. తెల్లవారుజామున భోగిమంట, తెల్లవారగానే డాబా మీద పతంగులు! పిల్లల ఆనందానికి మేరలేదు. మంట, డాబా అనే రెండు మాటలు పక్కపక్కన విన్నందువల్ల కాబోలు, ముప్పై యేళ్ళు భద్రతా తనిఖీలలో గడిపిన నాకు మాత్రం కొంచెం గుబులు కలిగింది.

తోట కామ్రేజ్ నుండి బార్డోలీ వైపు వెళ్ళే దారిలో లోపలగా ఉంది. మూడు వైపులా చెరుకు. దక్షిణ గుజరాత్‌లో జనవరి చెరుకు నరికే కాలం. గట్ల మీద ఎండుటాకు మోకాలెత్తు పడి ఉంటుంది. యజమాని సూరత్‌లో వ్యాపారి, మర్యాదస్థుడు. టీ ఇప్పించి, గుజరాతీలో అచ్చువేసిన ఒక కాగితం చేతికిచ్చి, అడుగున సంతకం పెట్టమన్నారు. మాతో పాటు మా సహోద్యోగి ఒకరి మేనమామ వచ్చారు. సిరిసిల్ల నుండి యువకుడిగా వచ్చి నలభై యేళ్ళుగా లింబాయత్‌లో స్థిరపడిన పెద్దాయన. గుజరాతీ ఆయనకు మాతృభాషతో సమానం. కళ్ళజోడు సవరించుకుని కాగితం ఆసాంతం చదివి, నన్ను పక్కకు పిలిచారు.

‘‘సారూ, ఏడో నంబరు జెర ఇనున్రి. ఎవలికి దెబ్బ తాకినా, పానం మీదికొచ్చినా ఆయనకు జిమ్మేదారి లేదట. తొమ్మిదోదాంట్ల, ఏది పలిగినా ఆయన ఎంతంటే అంత కట్టాల్నట. పదకొండోది, పక్కపొంటి చేనోళ్ళు పంచాయితి పెడితె అది గూడ మనమే సూసుకోవాల్నట. ఇగ కింద దస్కతు జాగల పేరు ఒక్కటే ఉన్నది. ఎవలు పెడ్తరు?’’

‘‘మా క్లబ్బు కార్యదర్శి పెడతారనుకున్నాం, అన్నా,’’ అన్నాను.

‘‘క్లబ్బు పేరు మీద పెడ్తరా, ఆయన సొంత పేరు మీద పెడ్తరా?’’

నాలుగు దశాబ్దాలు మగ్గాల అద్దె పత్రాలు చదివిన మనిషి అడిగిన ఆ ప్రశ్నలో విషయమంతా ఉంది. నలుగురు చేరి తాత్కాలికంగా పెట్టుకున్న ‘విహారయాత్రా సంఘం’ వంటివి చట్టం దృష్టిలో వ్యక్తులు కావు. అటువంటి సంఘం పేరిట సంతకం చేసినా బాధ్యత చేసినవారి నెత్తిమీదికే వస్తుంది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన క్లబ్బు అయితే సంగతి వేరు. దాని తరఫున దావా వేయవచ్చు, దానిమీద దావా వేయవచ్చు, వసూలు మాత్రం క్లబ్బు ఆస్తి నుండే. మా కార్యదర్శి గారికి పదవీ విరమణ మరొక ఏడాదే ఉంది. గ్రాట్యుటీకి, భవిష్యనిధికి జప్తు నుండి రక్షణ ఉన్నదని ఎవరో ధైర్యం చెప్పబోయారు. అది నిజమే గాని, ఆ సొమ్ము చేతికి వచ్చి బ్యాంకులో పడి, దానితో ఇల్లు కొన్న తరువాత ఆ రక్షణ ఎంతవరకు వెంట వస్తుందని ఆయన అడిగితే ఎవరూ మాట్లాడలేదు. కాలనీలోని రిక్రియేషన్ క్లబ్బు నమోదైనదే కనుక, కార్యవర్గ తీర్మానం రాయించి, క్లబ్బు ముద్రతో, ‘క్లబ్బు తరఫున’ అని స్పష్టంగా పేర్కొని సంతకం చేయాలని నిశ్చయించాము.

ఇక కలాల సంగతి. ఇటువంటి విడిదిలో బాధ్యత మూడు దిక్కులుగా ప్రవహిస్తుంది. యజమాని తన కట్టడంలోని లోపాల వల్ల అతిథులకు కలిగే హానికి జవాబుదారీ. అతిథులు యజమాని ఆస్తికి కలిగించే నష్టానికి జవాబుదారీ. ఈ ఇరువురిలో ఎవరి వల్లనైనా పక్క రైతుకో, దారిన పోయేవారికో హాని జరిగితే దానికి కారకులైనవారు జవాబుదారీ. మా చేతికి వచ్చిన కాగితం ఈ మూడు కాలువలనూ మలిపి ఒకే చేనులోకి, అంటే సంతకం చేసినవాని చేనులోకి, పారించింది.

‘ఎవరికేమైనా నాకు సంబంధం లేదు’ అని అచ్చు వేసినంత మాత్రాన సంబంధం తెగిపోదు. దీనికి ఒక మంచి తార్కాణం ఉంది. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటలుకు వచ్చిన ఒక అతిథి తన మారుతీ జెన్ కారును నిలపమని హోటలు సిబ్బందికి తాళం ఇచ్చాడు. కారు దొంగల పాలైంది. చేతికిచ్చిన చీటీ మీద ‘వాహన యజమాని పూచీ మీదనే’ అని రాసి ఉందని హోటలు వాదించింది. సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఆ వాదాన్ని అంగీకరించలేదు. తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని ముందు నిరూపించుకోనిదే ఆ అక్షరాల చాటున దాగడానికి వీలులేదని చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఏకపక్షమైన ఒప్పందపు షరతులు చెల్లవని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. అయితే ఆ వివాదం తేలేసరికి ఇరవై ఒక్క సంవత్సరాలు గడిచాయన్నది కూడా గమనించాలి.

మన తెలుగువారికి మరింత బాధాకరమైన ఉదాహరణ బియాస్ నది. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 24 మంది, వెంట వెళ్ళిన యాత్రా నిర్వాహకుడు ఒకరు హిమాచల్ ప్రదేశ్‌లో నది మధ్య ఫోటోలు దిగుతూ ఉండగా, ఎగువన లార్జీ ఆనకట్ట నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించి, దానిని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం 60, 30, 10 పాళ్ళలో భరించాలన్నది. నీరు వదిలింది బోర్డు అయినప్పటికీ, పిల్లలను తీసుకువెళ్ళినవారి వాటా 30 పాళ్ళు! యాత్ర నడిపేవారందరూ ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

మన కర్మాగారాలలో ‘పబ్లిక్ లయబిలిటీ’ అనగానే 1991 నాటి చట్టం గుర్తుకు వస్తుంది. భోపాల్ దుర్ఘటన దరిమిలా వచ్చిన ఆ చట్టం ప్రమాదకర రసాయనాలను వాడే సంస్థలకు తప్పనిసరి బీమాను విధించింది. తోటయిళ్ళకు అది వర్తించదు. వాటికి ఉన్నది ‘పరిశ్రమేతర’ పబ్లిక్ లయబిలిటీ పాలసీ. హోటళ్ళు, క్లబ్బులు, పాఠశాలలు తీసుకునేది, స్వచ్ఛందమైనది. ఒక్క ప్రమాదానికి ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని రెండు పరిమితులుంటాయి. ఈతకొలను, లిఫ్టు, వడ్డించిన భోజనం వల్ల వచ్చే అస్వస్థత వంటివి అడిగి చేర్పించుకోవాలి. మా యజమానిని అటువంటిది ఉన్నదా అని అడిగాము. ఆయన ఎంతో నమ్మకంగా ఒక పాలసీ చూపించారు. అది ఇంటికి చేసిన అగ్నిప్రమాద బీమా. ఇల్లు కాలితే ఆయనకు డబ్బు వస్తుంది, ఇంట్లో ఉన్న మనకు ఏమైనా అయితే రాదు. పైగా నివాస గృహమని చెప్పి తీసుకున్న పాలసీ, అద్దె వ్యాపారం నడుస్తుంటే సాధారణంగా చిక్కులో పడుతుంది. ఈ మాట ఆయనకే కొత్తగా వినిపించింది.

మేము ప్రభుత్వ రంగ బీమా సంస్థ శాఖా కార్యాలయానికి వెళ్ళాము. అక్కడి అధికారిణి ఓపికగా రెండు పాలసీలు వివరించారు. మొదటిది కార్యక్రమాలకు ఇచ్చే స్వల్పకాలిక బాధ్యతా బీమా. క్లబ్బు అజాగ్రత్త వల్ల ఇతరులకు హాని జరిగితే, ఒక ప్రమాదానికి 10 లక్షల వరకు సంస్థ చెల్లిస్తుంది. మొదటి 5,000 రూపాయలు మనమే భరించాలి. ఇందులో రెండు మెలికలు. ఒకటి, మన అధీనంలో ఉన్న ఆస్తికి నష్టం వస్తే ఇది చెల్లదు. అంటే అద్దెకు తీసుకున్న ఇంటి అద్దం పగిలితే దీనితో నిమిత్తం లేదు. పక్క రైతు చెరుకు కాలితే ఉంది. రెండవది, చట్టం ప్రకారం మనకు లేని బాధ్యతను ఒప్పందం ద్వారా నెత్తికెత్తుకుంటే ఆ అదనపు బరువును బీమా మోయదు. అంటే యజమాని కాగితంలోని పదకొండవ కలం మీద సంతకం చేస్తే, అందులో కొంత భాగం ఏ పాలసీకీ అందకుండా మన మీదనే ఉండిపోతుంది. మన అద్దె కాగితాలు రాసేవారికీ, బీమా పాలసీలు రాసేవారికీ ముఖపరిచయం లేదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

రెండవది సామూహిక వ్యక్తిగత ప్రమాద బీమా. ఇందులో తప్పు ఎవరిదన్న విచారణ లేదు, దెబ్బ తగిలితే చాలు. 64 మంది పేర్లు, వయస్సులు రాసి ఇచ్చాము. వైద్య ఖర్చుల విషయంలో ఆమె మమ్మల్ని హెచ్చరించారు. సాధారణ పద్ధతిలో మరణమో, శాశ్వత అంగవైకల్యమో కలిగి ప్రధాన క్లెయిము మంజూరైతేనే, దానిలో కొంత శాతం వైద్యానికి ఇస్తారు. కాలు విరిగి అతుక్కుంటే ఏమీ రాదు. అందుచేత కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి, విడి పరిమితిగా తలకు 40,000 రూపాయల వైద్య ఖర్చును చేర్పించాము. రెండు పాలసీలకూ కలిపి అయిన ఖర్చు మూడు రోజుల కూరగాయల బిల్లు కన్న తక్కువ.

యజమానితో మళ్ళీ కూర్చున్నాము. పెద్దాయనే గుజరాతీలో మాట్లాడారు. ఏడవ కలానికి ‘కట్టడంలోని లోపం వల్ల తప్ప’ అనీ, తొమ్మిదికి ‘సహజమైన అరుగుదల మినహాయించి, బిల్లు చూపిన మేరకు’ అనీ చేర్చడానికి యజమాని ఒప్పుకున్నారు. పదకొండు కొట్టివేయడానికి ఒప్పుకోలేదు, ‘అతిథుల తప్పిదం వల్ల’ అనే మాట మాత్రం చేరింది. నేను టేపు పెట్టి డాబా పిట్టగోడ కొలిచాను. 55 సెంటీమీటర్లు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం అది ఒక మీటరుకు తగ్గకూడదు. ఆకాశం వైపు చూస్తూ వెనక్కు నడిచే పిల్లవానికి 55 సెంటీమీటర్ల గోడ మోకాలి వెనుక తగిలి తిరగవేయడానికే పనికివస్తుంది. యజమాని రెండు రోజులలో వెదురు కర్రలతో నడుమెత్తు దడి కట్టించారు. భోగిమంట స్థలాన్ని చెరుకుకు దూరంగా, ఇంటి ముందు గచ్చు మీదికి మార్చాము. పక్కన నాలుగు డ్రమ్ముల నీళ్ళు, గోనె సంచులు. 2019 మే 24న సూరత్‌లోని సర్థాణాలో ఒక వ్యాపార సముదాయం మీది అంతస్తులో ఉన్న శిక్షణా తరగతులలో నిప్పంటుకుని 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఆ ఊరివారు ఇంకా మరువలేదు. కాబట్టి మెట్లు ఎన్ని, ఎటువైపు అని మేము అడుగుతుంటే యజమాని విసుగుకోలేదు.

పండుగ మూడు రోజులూ హాయిగా గడిచిన మాట నిజం. భోగిమంట చుట్టూ చలికాగుతూ సిరిసిల్ల పెద్దాయన పాత మగ్గాల కబుర్లు చెప్పారు. అట్లతో, అరిసెలతో పాటు ఉంధియు, జిలేబీ కూడా విస్తట్లో చేరాయి. సూరత్ మాంజా దారం పేరు పొందినది. గాజుపొడి పట్టించిన ఆ దారంతో వేళ్ళు తెగకుండా పిల్లలందరికీ ప్లాస్టరు చుట్టడం మా గృహిణుల పని అయింది. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది. అయినా ఎక్కడినుండో ఒక కండె వచ్చింది, వచ్చిన దారినే వెళ్ళింది. 15వ తేదీ మధ్యాహ్నం బార్డోలీలో స్వరాజ్ ఆశ్రమం చూశాము. 1928లో సర్దార్ పటేల్ నాయకత్వాన శిస్తు పెంపును ఎదిరించిన రైతుల ఊరది. పెంచిన శిస్తు కట్టడానికి నిరాకరించి, పశువులనూ పొలాలనూ జప్తుకు వదులుకున్నవారి కథ చదువుతుంటే మా ఏడవ కలం కొంచెం చిన్నదిగా కనిపించింది.

ప్రమాదం మేము కొలిచిన చోట జరగలేదు. అదే సాయంత్రం, వెనుక వరండా పక్కన పూలకుండీల మధ్య నుండి బంతి కోసం పరుగెత్తిన పన్నెండేళ్ళ బాలుని కాలికింద నీళ్ళ సంపు మూత విరిగింది. సంపులో నీరు తక్కువగా ఉండబట్టి ప్రాణాపాయం తప్పింది గాని, మోకాలి కింది ఎముక రెండు చోట్ల విరిగింది. ఆ బాలుడు పెద్దాయన మనుమడు. తండ్రి మరమగ్గం కార్మికుడు, పనిచేసిన నాటికే కూలి. మన ఉద్యోగుల పిల్లలకు ఉన్నట్టు సంస్థ వైద్య సదుపాయం వారికి లేదు.

ఆ అరగంటలో రెండు విషయాలు జరిగాయి. ఒకటి, తోటమాలి కంగారులో ఆ మూత దీపావళి నుండే పగిలి ఉందనీ, కొత్తది వేయించమని తాను చెప్పాననీ నలుగురి ముందు అన్నాడు. రెండవది, మా కార్యదర్శి గారు కళ్ళనీళ్ళ పర్యంతమై ‘‘బాధ్యత మాది, ఖర్చంతా క్లబ్బు పెట్టుకుంటుంది’’ అనబోయారు. అధికారిణి చెప్పిన షరతును పక్కనున్న మిత్రుడు గుర్తుచేయడంతో ఆగారు. బాధ్యతా పాలసీలో బీమా సంస్థ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, పరిహారం వాగ్దానం చేయకూడదు. చేస్తే క్లెయిము పోవచ్చు. ఈ షరతు మన సంస్కారానికి ఎదురీదుతుంది. దెబ్బ తగిలిన బిడ్డ తండ్రి ఎదుట నిలబడి, ‘‘మేము కంపెనీని అడిగి చెబుతాము’’ అనడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. కాని సహాయం చేయడాన్ని ఈ షరతు అడ్డుకోదు. అంబులెన్సు పిలవడం, ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టడం, రాత్రంతా తోడు కూర్చోవడం తప్పు ఒప్పుకోవడం కిందికి రావు. మేము చందాలు వేసుకుని ఆ పని చేశాము. విరిగిన మూతను, దాని అంచులోని పాత తుప్పు మరకను ఫోటోలు తీయించి, మాలి మాటలు విన్నవారి పేర్లు రాసిపెట్టాము.

శస్త్రచికిత్సతో కలిపి ఆసుపత్రి బిల్లు 86,000 రూపాయలైంది. ప్రమాద బీమా నుండి 40,000 నెలన్నరలో వచ్చింది. మా బాధ్యతా పాలసీ కింద ఏమీ రాలేదు. తప్పు క్లబ్బుది కాదు, కట్టడానిది కనుక అది న్యాయమే. యజమాని మొదట ఏడవ కలం చూపించారు. పెద్దాయన అదే కాగితం మడత విప్పి, అక్కడ చేర్చిన ‘కట్టడంలోని లోపం వల్ల తప్ప’ అనే నాలుగు మాటల మీద వేలు పెట్టారు. రెండుసార్లు కూర్చున్న తరువాత 30,000 ఇచ్చారు. మిగిలినది మేము పంచుకున్నాము.

ఆ తండ్రి కొడుకు మంచం పక్కన ఉండిపోయి ఆరు వారాల కూలి పోగొట్టుకున్నాడు. ఆ లెక్క ఏ పాలసీలోనూ లేదు. ప్రమాద బీమాలో వారానికి ఇంత అని ఇచ్చే భత్యం సంపాదించే మనిషికే, దెబ్బ తగిలినది అతనికే అయితేనే. యజమాని మీద దావా వేస్తే ఇటువంటి నష్టాన్ని కూడా కోరవచ్చునని న్యాయవాది చెప్పారు. కాని ‘‘ఆయన తోటకాడి మగ్గాల షెడ్లళ్ళ మావోళ్ళు పని చేస్తరు, సార్. కచేరీకి ఎవలు తిరుగుతరు?’’ అని ఆ తండ్రి ఊరుకున్నాడు. యజమానికే ఒక బాధ్యతా పాలసీ ఉండి ఉంటే, ఇవ్వవలసినది ఆయన జేబు నుండి పోయేది కాదు, అడగవలసినవాడు మొగమాటపడే పనీ ఉండేది కాదు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మిత్రుని కుమారుడు ఈ కథ విని ఆశ్చర్యపడ్డాడు. అక్కడ చాలా కుటుంబాలకు వ్యక్తిగత బాధ్యతా బీమా ఉంటుందట. పిల్లవాడు పొరుగువారి కిటికీ పగలగొట్టినా, సెలవులకు అద్దెకు తీసుకున్న ఇంట్లో నష్టం చేసినా అదే చూసుకుంటుంది. ఇంటర్నెట్‌లో ఇళ్ళు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ఆతిథ్యమిచ్చేవారికి 10 లక్షల డాలర్ల వరకు బాధ్యతా బీమా కల్పిస్తున్నది. మన దేశంలో గృహ బీమా ప్యాకేజీలలో ఇటువంటి చిన్న విభాగం ఒకటి ఉంటుంది. దానిని అడిగి తీసుకునేవారు అరుదు.

2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో పడవ మునిగి విహారయాత్రకు వచ్చిన పన్నెండు మంది పాఠశాల పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించిన వార్త వచ్చిన వారంలోనే తోట యజమాని నుండి మా కార్యదర్శి గారికి ఒక సందేశం అందింది. ఫోటోలో పబ్లిక్ లయబిలిటీ పాలసీ. ఒక ప్రమాదానికి 10 లక్షలు, ఏడాదికి 20 లక్షలు. పదవీ విరమణ చేసి వరంగల్‌లో ఉన్న ఆయన దానిని నాకు పంపారు. నేను అద్దాలు పెట్టుకుని చదివాను. అందులో ఈతకొలను చేర్పించలేదు. పెద్దాయనకు ఫోను చేసి ఆ సంగతి యజమాని చెవిన వేయమన్నాను.

‘‘గదే చెప్పిన సారూ,’’ అన్నాడాయన. ‘‘సంపు మూత గూడ ఇనుపది ఏపిచ్చిండు. పోరడు పోయి దాని మీద నిలవడి సూసొచ్చిండు.’’